ఎండలో కరిగితే ఎండ ద్రావణి అవుతుందా?

సందేహం: అమలాపురం దగ్గర ఒక బడిలో ఏడో తరగతికి సైన్సు చెబుతున్నాను. "పంచదార నీళ్లలో కరిగింది, కాబట్టి నీరు ద్రావణి" అని పాఠం చెప్పాను. (తనలో కరిగించుకునేది ద్రావణి.) పరీక్షలో ఒక పిల్లాడు "పేరుకున్న కొబ్బరినూనె ఎండలో కరిగింది, కాబట్టి ఎండ ద్రావణి" అని రాశాడు. తప్పు వాడిదా, 'కరగడం' అనే మాటదా? ఈ రెండు పనులకీ వేరువేరు తెలుగు మాటలు లేవా?

సమాధానం: అమ్మా, జవాబు తప్పే. కానీ మీరు చెప్పిన వాక్యాన్ని ఆ పిల్లాడు ఎంత శ్రద్ధగా విన్నాడో చూడండి. మీ వాక్యంలో పంచదార తీసి నూనె పెట్టాడు, నీళ్లు తీసి ఎండ పెట్టాడు. వాక్యం చెక్కుచెదరలేదు, అర్థం మాత్రం మారిపోయింది.

తెలుగులో రెంటికీ 'కరుగు' ఒక్కటే క్రియ. వెన్న కరుగుతుంది, ఉప్పు కరుగుతుంది, మనసూ కరుగుతుంది. పుస్తకాల్లోని సంస్కృత పదాలతో తేడా తేలిపోతుందనుకుంటాం గానీ, ద్రవీభవనం (వేడికి కరగడం), ద్రావణం (ఒకదానిలో ఒకటి కరిగి కలిసినది) రెండూ 'ద్రు' అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయి. పరుగెత్తడం, పారడం అని దాని అర్థం. కాబట్టి కొత్త మాట కోసం వెతకొద్దు. మాట చుట్టూ ఏముందో పిల్లల చేత చూపించండి.

మొదట 'లో' సంగతి. 'నీళ్లలో', 'ఎండలో' పైకి ఒకేలా ఉన్నాయి. 'లో' తీసి 'కి' పెట్టించండి. 'ఎండకి నూనె కరిగింది' అనొచ్చు. 'గ్లాసెడు నీళ్లకి పంచదార కరిగింది' అని ఎవరూ అనరు. ఎండ కారణం, నీరు చోటు. (విభక్తుల పట్టికలో కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ అన్నీ షష్ఠి వరుసలోనే ఉంటాయి. పట్టిక బట్టీ పడితే ఈ తేడా దొరకదు, వాడుకలోనే దొరుకుతుంది.)

'వానాకాలం చెమ్మకి బెల్లం కరిగిపోయింది' అంటాం కదా అని మీ క్లాసులో ఎవరో ఒకరు లేస్తారు. లేవాలి కూడా. చెమ్మ అంటే నీరే. అక్కడ కారణమూ అదే, ద్రావణీ అదే. అందుకని 'కి' పరీక్ష ఒక్కటే చాలదు.

రెండోది ఇంకా గట్టిది: కరిగినదాన్ని వెనక్కి తేవడానికి తెలుగులో ఏ మాట వాడతాం? ధనుర్మాసం చలికి సీసాలో కొబ్బరినూనె తెల్లగా బిగుసుకుంటే 'పేరుకుంది' అంటాం. సుమారు 24 డిగ్రీల దగ్గర అది కరుగుతుంది, అంతకన్నా చల్లబడితే పేరుకుంటుంది. నెయ్యీ చల్లబడితే పేరుకుంటుంది. ఉప్పునీటిని చల్లార్చి 'ఉప్పు పేరుకుంది' అనం. ఉప్పుమడిలో ఎండకి నీరు ఇగిరిపోవాలి, అప్పుడు ఉప్పు 'పండుతుంది'. వరి పండినట్టే ఉప్పూ పండుతుందనడం ఎంత చక్కని మాట! కరగడం అనే ఒక్క మాట దగ్గర కలిసిపోయిన రెండు పనులూ తిరుగుదారిలో ఇలా విడిపోతాయి. చల్లారితే పేరుకుందా, ముందు జరిగింది ద్రవీభవనం. నీరు ఇగిరితేనే మిగిలిందా, అది నీళ్లలో కరిగి ఉన్న ద్రావితం.

కావాలంటే బాణలిలో కల్లుప్పు వేయించి చూపండి. చిటపటమంటుందే గానీ కరగదు. ఒట్టి వేడికి కరగాలంటే 801 డిగ్రీలు కావాలి. అదే ఉప్పు 100 గ్రాముల మామూలు నీళ్లలో సుమారు 36 గ్రాముల దాకా ఇట్టే కరుగుతుంది. ఆపైన వేసింది అడుగున నిలిచిపోతుంది. ఆ నీళ్లకి తృప్తి తీరింది, అందుకే 'సంతృప్త ద్రావణం'. ద్రావితం, ద్రావణి తారుమారు చేసే పిల్లలకి లిఖితం, రచితం గుర్తుచేయండి. రాయబడింది లిఖితం, కరిగించబడింది ద్రావితం.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. వరదల్లో గోదారి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు 'ఒండ్రు నీళ్లలో కరిగింది' అని పిల్లలు రాస్తారు. అది దిద్దండి. మా అమ్మ ఆ నీళ్లను బిందెలో పోసి, పటికముక్కను నాలుగుసార్లు తిప్పి వదిలేసేది. తెల్లారేసరికి పైన నీరు తేటగా, అడుగున వేలెడు బురద. పటిక కరిగింది. ఒండ్రు కలిసింది, అంతే. అందుకే అడుక్కి దిగింది. 'నీళ్లు తేరాయి' అనే మాట కరగనిది అడుక్కి దిగినప్పుడే వాడతాం.

ఆ పిల్లాడికి సున్నా వేయకండి. కొవ్వొత్తి ముక్క ఒకటి ఇచ్చి, మరిగిన నీళ్ల గ్లాసులో మీరే వేసి చూపండి. మైనం 'నీళ్లలో' కరుగుతుంది, పైన నూనెబొట్టులా తేలుతుంది, చల్లారాక బిళ్లలా పేరుకుంటుంది. ఇక్కడ ద్రావణి ఏదో రాయమనండి.