ఏడింటి కచేరీకి నాలుగున్నరకే బయల్దేరండి

సందేహం: అక్కా, మేం కర్నూలు నుంచి బెంగళూరు వచ్చి నాలుగు నెలలైంది. మా పాప కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. ఇక్కడ సింఫనీ ఆర్కెస్ట్రాతో, అంటే పాశ్చాత్య సంగీతం వాయించే పెద్ద బృందంతో, వయొలిన్ సోలో ఉందట. ముందు వరస టిక్కెట్లు బాగా ఖరీదు. అంత పెట్టొచ్చా?

జవాబు: పెట్టొద్దు తమ్ముడూ. ఆ పని నేను చేసి చూశాను. పద్దెనిమిదేళ్ల కిందట ఈ ఊరొచ్చిన కొత్తలో, డబ్బు ఎక్కువ పెడితే సంగీతం ఎక్కువ వినిపిస్తుందనుకుని మొదటి వరసలో కూర్చున్నాను. కనిపించినవి నాలుగు జతల బూట్లు. వెనక బూరలు ఊదేవాళ్లు, టింపనీ అనే పెద్ద డోళ్లు వాయించేవాళ్లు ఒక్కరూ కనపడలేదు.

హాలు మధ్య వరసలు తీసుకో, లేదా బాల్కనీలో ముందు వరస. పాపకి వేళ్లు, కమాను కనపడాలంటే కొంచెం ఎడమ పక్కకి జరుగు. సోలో వాయించేవాళ్లు మామూలుగా కండక్టర్‌కి, అంటే చేతులు ఊపి ఆర్కెస్ట్రాని నడిపించే ఆయనకి, ఎడమ వైపు నిలబడతారు. ఆయన మనకి వీపు పెట్టి నిలబడతాడు గనక ఆయన ఎడమే మన ఎడమ.

కొనేముందు పోస్టర్ సరిగ్గా చదువు. సినిమా పాటల ప్రోగ్రాములకీ సింఫనీ అని పేరు పెడుతున్నారు. కొవ్వొత్తుల మధ్య నలుగురు కూర్చుని వాయించేది కూడా ఆర్కెస్ట్రా కాదు. ఆర్కెస్ట్రా పేరు, కండక్టర్, సోలో ఎవరు, ఏ కాన్సెర్టో (సోలో వాయిద్యానికీ ఆర్కెస్ట్రాకీ కలిపి భాగాలుగా రాసిన రచన), ఇవన్నీ ఉంటేనే బుక్‌మైషో తెరువు. పిల్లల వయసు నిబంధన చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చూసుకోకపోతే గేటు దగ్గర పాప ఏడుస్తుంది, నువ్వు బతిమాలతావు.

అసలు సంగతి టైము. మన కచేరీకి అరగంట లేటైతే ఓ వర్ణం, ఓ కీర్తన పోతాయి, అంతే. ప్రధాన రాగం ఎలాగూ తర్వాతే. ఇక్కడ చాలాసార్లు మొదట ఓవర్చర్ అనే చిన్న ప్రారంభ రచన, వెంటనే కాన్సెర్టో, ఆపైన ఇంటర్వెల్, చివర్లో ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే పెద్ద రచన, సింఫనీ. అంటే ఎవరి కోసం టిక్కెట్ కొన్నామో వాళ్ల వాయింపు ఇంటర్వెల్‌కి ముందే అయిపోతుంది. ఒకసారి సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో ఇరుక్కుని, మెండెల్సన్ అనే స్వరకర్త రాసిన వయొలిన్ కాన్సెర్టో మొత్తం మూసిన తలుపు బయట నిలబడి విన్నాను. వేరే కాన్సెర్టో అయితే భాగానికీ భాగానికీ మధ్య లోపలికి వదిలేవారేమో. మెండెల్సన్ ఆ సందు కూడా ఉంచలేదు. మొదటి భాగం అయ్యాక అందరూ ఆపినా బసూన్ అనే ఊదే వాయిద్యం ఒక్కటి మాత్రం స్వరం పట్టుకుని ఉంటుంది, దాని మీదనుంచే రెండోది మొదలవుతుంది. గేటు దగ్గర కుర్రాడు నా మొహం చూసి మంచినీళ్లిచ్చాడు.

చౌడయ్య మెమోరియల్ హాల్లో అయితే కారు తీయకు. సంపిగె రోడ్ మెట్రోలో దిగి ఆటో ఎక్కు. వెలుతురుండగా చేరితే పాపకి భవనం చుట్టూ తిప్పి చూపించు, అది వయొలిన్ ఆకారంలోనే ఉంటుంది. 1980లో కట్టారు. ఏడు తీగల వయొలిన్ వాయించిన మైసూరు చౌడయ్యగారి పేరు పెట్టారు.

లోపల తొడ మీద తాళం వేయకండి. శభాష్ అనాలనిపిస్తే నాలుక కరుచుకో. మధ్యలో ఆర్కెస్ట్రా అంతా ఆగిపోయి సోలో ఒక్కరే వాయిస్తుంటే అయిపోవచ్చిందనుకోకు, అది కడెంజా. భాగాల మధ్య చప్పట్లు వద్దు. కాన్సెర్టో అయ్యాక కండక్టర్ చేతులు పూర్తిగా దించనీ, అప్పుడు ఎంతసేపు కొట్టినా ఎవరూ ఏమీ అనరు.

మొదలయ్యే ముందు ఓబో అనే సన్నాయిలాంటి వాయిద్యం ఒక్క స్వరం పలుకుతుంది, అందరూ దానికి శ్రుతి చేసుకుంటారు. తంబురా ఏదమ్మా, ఇక శ్రుతి ఎవరిస్తారని మావాడు అప్పుడే చెవిలో అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటర్వెల్లో సమోసా కొనిపెట్టాను.