నోటరీ చేయిస్తే స్థలం మనదైపోతుందా? నోటరీ పోస్టు ఎవరికిస్తారు?

మీరు అడిగినవి రెండు. ఎల్‌ఎల్‌బీ అయిపోయి బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి మూడేళ్లయింది, నోటరీకి దరఖాస్తు పెట్టుకోవచ్చా అన్నది ఒకటి. మీ బాబాయిగారు స్టాంప్ పేపర్ మీద స్థలం కొన్నట్టు రాయించుకుని నోటరీ చేయిస్తే సరిపోతుందంటున్నారు, నిజమేనా అన్నది రెండోది. మీరు ఇప్పుడే పెట్టుకోలేరు. బాబాయిగారికి స్థలం రాదు. నేను కాకినాడలో అడ్వకేట్‌ని, నోటరీగా కూడా చేస్తున్నాను కాబట్టి ఈ రెండూ నాకు రోజూ వినపడే ప్రశ్నలే.

ముందు బాబాయిగారి సంగతి, అక్కడ డబ్బు చేతులు మారబోతోంది కాబట్టి. వంద రూపాయలు, అంతకు పైబడిన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్ట్రేషన్ అయితేనే చెల్లుతుందని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెబుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌దీ అదే మాట. వంద రూపాయల స్టాంప్ పేపర్ కొన్నా, వెయ్యి రూపాయలది కొన్నా, దాని మీద నేను ఎన్ని సీళ్లు గుద్దినా ఇది మారదండి. మహా అయితే ఆ కాగితం ఒక అగ్రిమెంటుగా నిలబడుతుంది, అమ్మినవాడు ఎదురు తిరిగితే కోర్టుకెళ్లి రిజిస్ట్రేషన్ చేయించమని దావా వేసుకోవడానికి పనికొస్తే రావచ్చు, అంతేగానీ ఆయన్ని ఓనర్‌ని చేయదు. జీపీఏ, అంటే మన తరఫున వ్యవహారాలు చూసే అధికారం వేరొకరికి రాసిచ్చే జనరల్ పవరాఫ్ అటార్నీ, రాయించుకుంటే చాలన్న ధోరణి మీద కూడా సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పేసింది, జీపీఏతోనో అగ్రిమెంటుతోనో యాజమాన్య హక్కు బదిలీ కాదని. హైదరాబాద్‌లో నోటరీ ఇళ్లు, నోటరీ ప్లాట్లు అనే మాట మీరు వినే ఉంటారు. తరాల తరబడి నోటరీ కాగితాల మీదే చేతులు మారిన ఇళ్లవి. వాటిని క్రమబద్ధీకరిస్తామని తెలంగాణ ప్రభుత్వం 2023లో జీవో 84 ఇస్తే అది కాస్తా హైకోర్టుకెక్కింది. కాగితం చౌకగా అయిపోతోంది కదా అని కొన్నవాళ్ల పిల్లలు ఇవాళ బ్యాంకు లోన్ కోసం తిరుగుతున్నారు. మీ బాబాయిగారు అడ్వాన్సు ఇచ్చే ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీయించి, లింకు డాక్యుమెంట్లు (స్థలం ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) ఎవరైనా మంచి సివిల్ లాయరుకి చూపించమనండి. అమ్మేవాడు రిజిస్ట్రేషన్ వద్దు, నోటరీ చాలు అంటున్నాడంటే ఎందుకంటున్నాడో ముందు అది తేల్చుకోవాలి. చాలాసార్లు ఆ స్థలం రిజిస్ట్రేషన్ అయ్యే పరిస్థితిలోనే ఉండదు.

మరి నోటరీ సంతకం దేనికి అంటే, ఈ మనిషి నా ఎదుటకి వచ్చాడు, ఎవరో నేను తేల్చుకున్నాను, నా ఎదుటే సంతకం పెట్టాడు అని చెప్పడానికి. కాగితంలో రాసిన ప్రతి ముక్కా నిజమని నోటరీ పూచీ పడడు. అఫిడవిట్ అయితే ఆ మనిషి చేత ప్రమాణం చేయించి సంతకం తీసుకోవాలి, అందులో అబద్ధం ఉంటే దానికి జవాబు చెప్పుకోవాల్సింది ప్రమాణం చేసినవాడే. పవరాఫ్ అటార్నీ లాంటిదైతే ఎవరు రాసిస్తున్నారో వాళ్లు రావాలి. ట్రూ కాపీ అయితే ఒరిజినల్ చూసి, జెరాక్సుతో పోల్చి చూడాలి. జనం దగ్గర ఈ మూడూ కలిసిపోయి 'ఓ నోటరీ కొట్టించు' అయిపోయాయి. ఒరిజినల్ ఇంట్లో ఉందండీ, వాట్సాప్‌లో ఫొటో చూపిస్తాను అనేవాళ్లు వారానికి ఒకరైనా తగులుతారు. నాన్నగారు మెట్లెక్కలేరు, సంతకం పెట్టించే తెచ్చాను అనేవాళ్లు ఇంకొంతమంది. మెట్లెక్కలేకపోతే నేనే కిందకి దిగి ఆటో దగ్గరికి వెళ్లి సంతకం చేయించిన రోజులున్నాయి. మనిషిని చూడకుండా మాత్రం సీలు వేయను. వేసేవాళ్లు లేరా అంటే కోర్టు వీధిలో దొరుకుతారు, ఎందుకు లేరు. కానీ ఆ కాగితం రేపు కోర్టులో ప్రశ్నకొచ్చినప్పుడు రిజిస్టరు తెమ్మంటారు, అందులో ఆ తేదీన ఆ మనిషి సంతకం ఉండదు. అక్కడ మునిగేది నోటరీ ఒక్కడే కాదు, ఆ కాగితాన్ని నమ్ముకున్న పార్టీ కూడా.

ఒక విషయం చెప్తాను. పెద్దాపురం వైపు నుంచి ఒకావిడ, డెబ్బై దాటి ఉంటాయి, బంధువుల కుర్రాడితో వచ్చింది. జీపీఏ ఇంగ్లీషులో టైపు చేయించి తెచ్చారు, వేలిముద్ర వేయిస్తే అయిపోతుందన్నాడు కుర్రాడు. వేలిముద్ర వేసేవాళ్లకి కాగితం చదివి వినిపించి, అర్థమైందో లేదో అడిగిన తర్వాతే వేయించాలి, వినిపించినట్టు కింద రాయాలి కూడా. కుర్రాణ్ణి బయట బెంచీ మీద కూర్చోమని ఒక్కో పేరా తెలుగులో చెప్పుకొచ్చాను. కౌలు వసూలు, శిస్తు కట్టడం, ఆఫీసుల్లో హాజరు కావడం, అక్కడి దాకా తలూపింది. అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, సొమ్ము పుచ్చుకోవడానికి అన్న పేరా దగ్గర ఆగి, 'అమ్మడం కూడా అందులో ఉందా అమ్మా' అంది. ఉందన్నాను. ఇంకుప్యాడ్ మీద పెట్టబోయిన బొటనవేలు వెనక్కి తీసుకుని చీర కొంగుకి తుడుచుకుంది, ఇంకు అంటకపోయినా. ఆ కుర్రాడు మోసగాడేం కాకపోవచ్చు, టైపు చేసేచోట ఎప్పుడూ వాడే నమూనా ఒకటుంటుంది, అందులో అన్ని అధికారాలూ వరసగా వచ్చేస్తాయి. కౌలు, శిస్తుల వరకే ఉండేలా మళ్లీ టైపు చేయించుకుని వచ్చారు, అప్పుడు వేసింది.

ఇక చట్టం సంగతి. నోటరీల చట్టం 1952లో వచ్చింది, దాని కింద నియమాలు 1956లో వచ్చాయి. మీరు దరఖాస్తు పెట్టే నాటికి ఈ రెండూ కంఠతా వచ్చి ఉండాలి. నోటరీ ఏమేం చేయొచ్చో 8వ సెక్షన్‌లో ఉంటుంది. అఫిడవిట్లు, అటెస్టేషన్లు కాక అనువాదం చేయడం, చేసిన అనువాదం సరిచూసి ధృవీకరించడం, సాక్ష్యం నమోదు చేసే కమిషనర్‌గా, మధ్యవర్తిగా వ్యవహరించడం కూడా అందులో ఉన్నాయి. ప్రోనోటు, హుండీ (వ్యాపారులు వాడే పాతకాలపు చెల్లింపు పత్రం) డబ్బు కట్టకపోతే దాన్ని నోట్ చేసి ప్రొటెస్ట్, అంటే కట్టలేదని అధికారికంగా నమోదు చేసే కాగితం, రాయడం కూడా ఉంది గానీ, మన దగ్గర ప్రోనోటు ఎగ్గొడితే లీగల్ నోటీసు ఇచ్చి దావా వేయడమే తప్ప ఆ ప్రొటెస్ట్ చేయమని నన్ను ఒక్కరూ అడగలేదు.

ఓడ ప్రొటెస్ట్ మాత్రం కాకినాడలో ఉన్నాం కాబట్టి చూసే భాగ్యం కలిగింది. ఎల్‌ఎల్‌బీ పుస్తకంలో ఇది చదివినప్పుడు ఇదేం పాతకాలపు ముచ్చట అనుకుంటాం. మా సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉండగా షిప్పింగ్ ఏజెంటు ఒకాయన ఓడ కెప్టెన్‌ని వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చారు. బంగాళాఖాతంలో తుఫాను వాతావరణంలో చిక్కుకుని వచ్చింది ఓడ, హోల్డులో, అంటే ఓడ అడుగున సరుకు నింపే గదిలో, ఉన్న సరుకులోకి నీళ్లు పోయి ఉంటాయేమోనని అనుమానం. హోల్డు మూతలు తెరవకముందే, ఫలానా తేదీల్లో ఫలానా చోట ఇలాంటి గాలివానలో పడ్డాం, నష్టం జరిగితే అది మా నిర్లక్ష్యం వల్ల కాదు అని కెప్టెన్ నోటరీ ఎదుట చెప్పి సంతకం పెట్టాలి. రేపు సరుకు యజమానితోనూ ఇన్సూరెన్స్ కంపెనీతోనూ పేచీ వస్తే అది పనికొస్తుంది. మా సీనియర్ లాగ్ బుక్ తెరిపించి గాలి వేగం, అలల ఎత్తు రాసిన పేజీలు ఒక్కొక్కటీ స్టేట్‌మెంట్‌తో సరిచూసుకున్నారు, ఆ కెప్టెన్ వాచీ చూసుకుంటున్నా సరే. నోటరీ కావాలన్న కోరిక నాకు అక్కడే పుట్టింది.

నోటరీ చేయకూడనివి కూడా తెలుసుకోండి. పెళ్లి చేయడం, విడాకులు ఇప్పించడం నోటరీ పని కాదు. స్టాంప్ పేపర్ మీద ఇద్దరి సంతకాలూ తీసుకుని పెళ్లయిపోయిందని పంపేవాళ్ల మీద కోర్టులు ఎన్నోసార్లు మండిపడ్డాయి, 2024లో కేంద్ర న్యాయశాఖ కూడా నోటరీలు మ్యారేజ్ ఆఫీసర్లు కారని, అలాంటి కాగితాలు చేయొద్దని మెమో ఇచ్చింది. వీలునామాకి కూడా నోటరీ అక్కర్లేదు, దానికి కావాల్సింది ఇద్దరు సాక్షులు. రిజిస్టర్ చేయించుకుంటే ఇంకా మంచిది.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపే జీపీఏల గురించి కూడా చెప్పాలి, గోదావరి జిల్లాల్లో ఇది ఇంటింటి వ్యవహారం. అక్కడ నోటరీ అంటే లాయరే అయి ఉండక్కర్లేదు, బ్యాంకులో పనిచేసే ఆమెకి కూడా నోటరీ అధికారం ఉండొచ్చు. అక్కడి నోటరీ సంతకం ఒక్కటే ఉన్న కాగితం పట్టుకొచ్చి మీరు ఇంకో సీలు వేయండి అంటారు తండ్రులు. నేను వేసి లాభం లేదు, ఎందుకంటే ఆ సంతకం నా ఎదుట పెట్టింది కాదు. అక్కడే అపోస్టిల్ (ఆ నోటరీ సంతకం అసలైనదేనని అక్కడి ప్రభుత్వం వేసే ధృవీకరణ) చేయించాలి, లేదంటే ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించాలి. కాగితం ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించాలి. ఈ గడువు పట్టించుకోక రిజిస్ట్రేషన్ రోజున టెన్షన్ పడేవాళ్లు కోకొల్లలు.

ఇప్పుడు మీ నియామకం సంగతి. మామూలుగా అడ్వకేట్‌గా పదేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకీ, మహిళలకీ ఏడేళ్లు చాలు, నాకు కలిసొచ్చింది అదే. ఇండియన్ లీగల్ సర్వీస్‌లో ఉన్నవాళ్లు, సైన్యంలో న్యాయ విభాగంలో పనిచేసినవాళ్లు లాంటివారికి వేరే దారి ఉంది, అది మనకి అనవసరం. రాష్ట్ర ప్రభుత్వమూ నియమిస్తుంది, కేంద్రమూ నియమిస్తుంది. రాష్ట్ర నోటరీకి ఆ రాష్ట్రంలో ఇచ్చిన ఏరియా వరకే అధికారం, కేంద్రం దేశంలో ఏ ప్రాంతానికైనా ఇవ్వగలదు. ఎంతమందిని వేయాలో పరిమితి ఉంటుంది కాబట్టి అర్హత రాగానే పోస్టు వచ్చేస్తుందనుకోకండి.

దరఖాస్తుని మెమోరియల్ అంటారు. దాని మీద మీతో పాటు ఒక మేజిస్ట్రేట్, జాతీయ బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, ఆ ప్రాంతంలో పేరున్న ఇద్దరు సంతకాలు పెట్టాలి. ఈ సంతకాల కోసం తిరగడం ఉంది చూశారూ, అదో ప్రహసనం. బ్యాంకు మేనేజరుగారు ఇదేమైనా షూరిటీ సంతకమా అని భయపడి ఫారం ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. కాదండీ, నేను ఇక్కడ తెలిసిన మనిషినని చెప్పడమే అంటే, పై ఆఫీసుకి ఫోన్ చేసి అడిగి అప్పుడు పెట్టారు. వ్యాపారి సంతకం మాత్రం మా వీధి చివర బియ్యం కొట్టు ఆయన లెక్కల పుస్తకం పక్కకి జరిపి నిమిషంలో పెట్టేశారు. ఆ తర్వాత అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు ఇస్తారు, ఇంటర్వ్యూ ఉంటుంది. ఇంటర్వ్యూలో నన్ను సీలు కొలత అడిగారు. గుండ్రంగా, 5 సెంటీమీటర్ల వ్యాసంతో, మన పేరు, ఏరియా, రిజిస్ట్రేషన్ నంబరు, నియమించిన ప్రభుత్వం పేరు ఉండాలి. ఇంత చిన్న ప్రశ్న ఎవరడుగుతారులే అని వదిలేయకండి.

సర్టిఫికెట్ ఐదేళ్లకి ఇస్తారు, గడువు తీరకముందే పొడిగింపుకి పెట్టుకోవాలి. చేసిన ప్రతి పనీ రిజిస్టర్లో ఎక్కాలి, ఏటా జనవరి మొదటి వారంలో ప్రభుత్వానికి రిటర్ను పంపాలి, ఫీజుల పట్టిక ఆఫీసు లోపలా బయటా కనపడేలా పెట్టాలి. పట్టికలో ఉన్న ఫీజు చూస్తే దీని మీద ఇల్లు గడవదని మీకే అర్థమవుతుంది, ప్రాక్టీసు మానేసి కూర్చునే ఉద్యోగం కాదిది. కాబట్టి ఈ మిగిలిన ఏళ్లలో సివిల్ పని బాగా నేర్చుకోండి, ముఖ్యంగా డాక్యుమెంట్లు రాయడం, చదవడం. మీ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, వేసిన వకాల్తాల కాపీలు ఒక ఫైల్లో పెట్టుకుంటూ రండి, ప్రాక్టీసు చేశానని చూపించమన్నప్పుడు వెతుక్కోనక్కర్లేదు. వీలైతే నోటరీగా ఉన్న సీనియర్ దగ్గర సాయంత్రాలు కూర్చోండి, ఆయన ఏ కాగితం తిప్పి పంపించేస్తున్నారో గమనించండి. బాబాయిగారి ఈసీలో ఏమైనా తేడా కనపడితే కింద రాయండి, చూసి చెప్తాను.