ఎవరు చేశారో రాయి తల్లీ

అమ్మలూ,

నువ్వు పంపిన చెరువు వ్యాసం ఒకటికి రెండుసార్లు చదివాను. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను, విషయం బాగుంది, రాత బాగాలేదు. బాగాలేదంటే నీకు తెలుగు రాదని కాదు. పోయిన వారం ఇదే సంగతి నువ్వు ఫోన్‌లో చెప్తుంటే కట్టా, చెరువులోంచి పొలాలకు నీళ్లు వదిలే తూమూ, వాగు పాలవుతున్న నీళ్లూ అన్నీ నాకు కళ్లకు కట్టాయి. అదే పిల్ల రాయడానికి కూర్చునేసరికి ఆఫీసు ఫైల్లో నోట్ రాసినట్టు రాసింది. ఏళ్ల తరబడి డెస్కులో కూర్చుని మండలాల నుంచి వచ్చే వార్తలు దిద్దినవాణ్ని, ఇది కొత్తగా రాసేవాళ్లలో దాదాపు అందరి దగ్గరా చూశాను. ఎక్కడ పుడుతుందో తెలుసు, ఎలా పోతుందో కూడా తెలుసు. ఫోన్‌లో అయితే సగం గాలికి పోతుందని రాసి పంపుతున్నాను.

నీ మొదటి వాక్యం ఇది: "గ్రామంలోని రైతాంగానికి ప్రధాన సాగునీటి వనరుగా ఉన్నటువంటి ఊరచెరువు యొక్క తూము గత కొంతకాలంగా శిథిలావస్థకు చేరుకోవడం జరిగి, నీరు వృథాగా పోతుండటం పట్ల రైతులు తీవ్ర ఆవేదన వ్యక్తం చేయడం జరుగుతోంది."

ఫోన్‌లో నువ్వు నాతో అన్నది ఇది: "పెదనాన్నా, పెద్ద తూము షట్టర్ విరిగి రెండేళ్లయింది. మూసే దారి లేక నీళ్లన్నీ జనవరికల్లా వాగులోకి పోతున్నాయి. వరి పొట్టమీద ఉన్నప్పుడు చివరి మడులకి నీళ్లు అందట్లేదు."

రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. ఫోన్‌లో చెప్పినదాంట్లో ఏ తూమో ఉంది, దాంట్లో ఏం విరిగిందో ఉంది, ఎన్నాళ్లయిందో, నీళ్లు ఎటు పోతున్నాయో, ఎవరి పంటకి ఏ దశలో దెబ్బ తగులుతోందో అన్నీ ఉన్నాయి. రాసినదాంట్లో వీటిలో ఒక్కటీ మిగల్లేదు. "గత కొంతకాలంగా" అంటే రెండు నెలలా, పదేళ్లా? "శిథిలావస్థ" అంటే రాయి కూలిందా, షట్టర్ విరిగిందా? "తీవ్ర ఆవేదన వ్యక్తం చేయడం" అంటే ఆ రైతు ఏమన్నాడు, ఎవరితో అన్నాడు? పెద్ద మాటలు పెట్టేసరికి నీకు తెలిసిన విషయాలే నీ చేతిలోంచి జారిపోయాయి. కాబట్టి మొదటి పని, రాసేముందు ఆ సంగతి ఎవరికైనా నోటితో చెప్పు. మీ అమ్మకు చెప్పినా సరే, ఫోన్‌లో రికార్డు చేసుకున్నా సరే. చెప్పినదాన్ని రాసుకుని దిద్దుకో. వ్యాసం అనే మాట పక్కన పెట్టు, అది నిన్ను టెన్షన్ పెడుతోంది.

ఇక అసలు చెప్పాలనుకున్నది. నీ వ్యాసమంతా "జరిగింది" అనే మాట పాకిపోయి ఉంది. "వినతిపత్రం అందజేయడం జరిగింది", "అధికారుల దృష్టికి తీసుకెళ్లడం జరిగింది", "హామీ ఇవ్వడం జరిగింది". ఇది ఆఫీసుల్లోంచీ ప్రెస్‌నోట్లలోంచీ టీవీ యాంకర్ల నోట్లోంచీ వచ్చి మనందరి చేతుల్లోకి దూరింది. వినడానికి మర్యాదగా ఉంటుంది, గౌరవంగా రాసినట్టు అనిపిస్తుంది. కానీ అది చేసే పని ఒకటే, చేసినవాణ్ని దాచేస్తుంది. "హామీ ఇవ్వడం జరిగింది" అన్నావు, ఎవరిచ్చారు? నాకు తెలీదు. నీకు తెలుసా? తెలిస్తే "పోయిన జూన్‌లో ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కట్టమీదికొచ్చి చూసి, వానల్లోపు కొత్త షట్టర్ వేయిస్తామని చెప్పారు" అని రాసేదానివి. తెలీదు కాబట్టే జరిగింది అన్నావు.

డెస్కులో నేను ఎప్పుడూ చూసింది ఇదే. వాక్యం లావెక్కిందీ అంటే, "బడింది"లూ "జరిగింది"లూ ఎక్కువయ్యాయీ అంటే, విలేకరి అక్కడ ఏదో అడగలేదని అర్థం. ఫోన్ చేసి "ఎవరయ్యా చేసింది" అంటే అవతల నిశ్శబ్దం. అర్థంకాని రాతలో చాలా భాగం భాష రాక పుట్టింది కాదు, విషయం పూర్తిగా కనుక్కోక పుట్టిందే, లేదంటే పేరు రాయడానికి జంకి పుట్టింది. తెలుగులో ఇంకో సౌకర్యం కూడా ఉంది, కర్త లేకుండానే వాక్యం హాయిగా నడిచిపోతుంది. "నిధులు మంజూరు చేశారు, పని మొదలుపెట్టారు, మధ్యలో ఆపేశారు." వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, మనం రోజూ ఇలాగే మాట్లాడతాం. కానీ మంజూరు చేసింది ఒకరు, మొదలుపెట్టింది ఇంకొకరు, ఆపింది మూడోవాళ్లు కావచ్చు. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడైతే వినేవాడు "ఎవరు?" అని అడుగుతాడు. చదివేవాడికి ఆ అవకాశం లేదు. అందుకని రాసింది మళ్లీ చూసుకునేటప్పుడు ప్రతి క్రియ దగ్గరా ఆగి, ఎవరు చేశారు అని నువ్వే అడుగు. "లాఠీచార్జి జరిగింది" కాదు, "పోలీసులు లాఠీచార్జి చేశారు". "నిర్ణయం తీసుకోబడింది" కాదు, "గ్రామసభ నిర్ణయించింది". చేసిందెవరో నిజంగానే తేలకపోతే "షట్టర్ ఎవరు విరగ్గొట్టారో తేలలేదు" అని ఆ మాటే రాసెయ్యి. అది కూడా స్పష్టమైన వాక్యమే, నిజాయితీ గల వాక్యం.

దీనికి కొంచెం ధైర్యం కావాలి, నాకు తెలుసు. మన ఊళ్లో అందరూ బంధువులే, సర్పంచ్ పేరో కాంట్రాక్టర్ పేరో రాస్తే రేపు పెళ్లిలో ఎదురుపడాలి. కాబట్టి రాసేముందు వాళ్లనీ అడుగు, వాళ్లు చెప్పింది కూడా వెయ్యి. అడిగి రాసినదానికి భయపడక్కర్లేదు.

ఆఫీసులో నోటిమాటగా ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. 2005 నాటి చట్టం, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ దరఖాస్తు రాయడం నీకు నేను చెప్పగలిగిన అన్ని పాఠాలకంటే మంచి పాఠం, ఎందుకంటే అక్కడ వాక్యం తేడాగా ఉంటే జవాబే రాదు. "తూము ఎందుకు బాగుచేయలేదు?" అని రాశావనుకో, రికార్డులో ఉన్న సమాచారమే ఇస్తాం, కారణాలు చెప్పం అని తిప్పి పంపిస్తారు. అదే "మా ఊరచెరువు పెద్ద తూము మరమ్మతుకు గత ఐదు ఆర్థిక సంవత్సరాల్లో మంజూరైన మొత్తం ఏడాదివారీగా ఎంత, ఏ కాంట్రాక్టర్‌కు పని అప్పగించారు, ఇప్పటిదాకా ఎంత చెల్లించారు, ఆ పనికి సంబంధించిన ఎం-బుక్ పేజీల నకళ్లు ఇప్పించండి" అని రాస్తే తప్పించుకోవడం కష్టం. ఎం-బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం. తేడా చూశావా? రెండోదాంట్లో ప్రతి ముక్కకీ ఒక కాగితం ఉంది. వ్యాసంలో కూడా అలాగే ప్రశ్నలు వేసుకో, జవాబులు వాటంతటవే వాక్యాలవుతాయి.

పొడుగు వాక్యాల సంగతి. పొట్టిగా రాయి, పొట్టిగా రాయి అని అందరూ చెప్తారు, నేను అలా చెప్పను. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి చదివేవాడు అప్పటిదాకా అన్నీ మోసుకుంటూ రావాలి, అది గుర్తుంచుకో చాలు. "పొద్దున్నే లేచి, మోటారు వేసి, మడికి నీళ్లు కట్టి, ఇంటికొచ్చి స్కూలుకు వెళ్లాను" ఎంత పొడుగైనా ఎవరికీ ఇబ్బంది లేదు, ఎందుకంటే అన్ని పనులూ ఒక మనిషివే, వరసగా జరిగాయి. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే నీ నాలుగో పేరాలో ఉంది: "రైతులు ఆఫీసుకు వెళ్లి, ఏఈ లేకపోవడంతో వెనక్కి వచ్చి, సర్పంచ్ ఫోన్ చేసి, మళ్లీ రమ్మని చెప్పారు." మొదలుపెట్టింది రైతులు, చివర్లో చెప్పింది ఎవరు? సర్పంచా, ఏఈనా? మనిషి మారినప్పుడు వాక్యం కూడా మార్చు. అలాగే పేరుకు ముందు విశేషణాల గుట్ట పెట్టకు. "రెండేళ్లుగా షట్టర్ విరిగి నీళ్లు నిలవని తూము కింద కౌలుకు తీసుకుని వరి వేసిన రైతు" అని రాస్తే రైతు దగ్గరికొచ్చేసరికి పాఠకుడు అలిసిపోతాడు. రైతును ముందు తీసుకురా, ఆయన కౌలు సంగతి తర్వాతి వాక్యంలో చెప్పు.

"ఆయన", "వాళ్లు" అనే మాటలతో జాగ్రత్త. "సర్పంచ్ ఏఈతో మాట్లాడాక ఆయన వచ్చి చూశారు" అంటే ఎవరొచ్చారు? పేరు మళ్లీ రాస్తే బాగుండదని స్కూల్లో ఎవరో చెప్పి ఉంటారు. ఏం ఫరవాలేదు, మళ్లీ రాయి. ఇంకోచోట "సమావేశానికి రైతులందరూ రాలేదు" అన్నావు. ఒక్కరూ రాలేదా, కొందరు వచ్చి కొందరు మానేశారా? ఆ వాక్యం రెండు రకాలుగానూ చదువుకోవచ్చు. "ఎవరూ రాలేదు" అనో, "సగం మందే వచ్చారు" అనో తేల్చి చెప్పాలి. ఇలాంటివి రాసినవాళ్లకు కనపడవు, ఎందుకంటే వాళ్లకు ముందే తెలుసు. అందుకే వేరేవాళ్ల చేత చదివించుకోవాలి. మన చెరువు నీళ్లు మడులకు పంచే నీరుగంటి చేత చదివించు, లేదా ఆయనకు చదివి వినిపించు. ఎక్కడ "అంటే?" అని ఆగాడో అక్కడ గీత పెట్టుకో.

కొన్ని వాక్యాలు చూస్తే ఏదో ఇంగ్లీషు రిపోర్టును ఫోన్‌లో తెలుగులోకి మార్చి అతికించినట్టున్నావు. "ఈ చెరువు మూడు తూములను కలిగి ఉంది" అని ఏ ఊళ్లోనూ ఎవరూ అనరు, "ఈ చెరువుకు మూడు తూములు" అంటారు. "సర్పంచ్ మరియు రైతులు" ఎందుకు, "సర్పంచూ రైతులూ" అంటే చక్కగా ఉంటుంది. "యొక్క" అనే మాట కనపడ్డచోటల్లా కొట్టేసి చూడు, వాక్యానికి ఏమీ కాదు. "ఉన్నటువంటి" కూడా అంతే, "ఉన్న" చాలు.

ఊరి మాటలు వాడటానికి సిగ్గుపడకు. తూము, అలుగు, మడవ, తడి, కౌలు ఇవన్నీ పని చేసే మాటలు, వీటికి బదులు నువ్వు పెట్టిన "జలవనరు", "నిష్క్రమణ మార్గం" ఏ పనీ చేయవు. షట్టర్, మోటారు, ఏఈ కూడా మన మాటలే ఇప్పుడు. వందేళ్ల కిందట గిడుగు రామమూర్తి గారు పండితులతో పోట్లాడింది దీని గురించే, చదువుకునే పిల్లలకు అర్థంకాని గ్రాంథికం ఎందుకు, జనం మాట్లాడే తెలుగులో రాయనివ్వండి అని. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అంత పోరాడి సంపాదించి పెట్టిన హక్కును మనం వాడుకోకుండా ఫైళ్ల భాషలోకి వెళ్లిపోతే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అయితే చదివేవాళ్లు మన ఊరివాళ్లే కాదు కదా, హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్లలూ, అమెరికాలో ఉన్న మన వాళ్లూ చదువుతారు. మొదటిసారి అలుగు అన్నప్పుడు "చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు" అని ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్లు. తెలంగాణవాళ్లు దాన్ని మత్తడి అంటారు, ఒక్క ముక్క చెప్తే వాళ్లకూ తెలిసిపోతుంది. పొలం లెక్కలూ అంతే. మనకు ఎకరానికి వంద సెంట్లు, వాళ్లకు నలభై గుంటలు. అరెకరం, పావెకరం అని రాస్తే ఇద్దరికీ అందుతుంది.

"భారీగా", "పెద్దఎత్తున", "తీవ్రంగా" అన్నవి తీసేసి అంకె పెట్టు, అంకె లేకపోతే కనుక్కో. "నీరే ప్రాణాధారం" అని మొదలుపెట్టావు, అది తెలియనివాళ్లు లేరు, ఆ పేరా మొత్తం తీసెయ్యి. "అన్నదాత కంట కన్నీరు" కూడా వద్దు. ఆ రైతు ఏడవలేదు కదా, కోపంగా ఉన్నాడన్నావు ఫోన్‌లో. కోపంగా ఏమన్నాడో అది రాయి, ఆయన మాటల్లోనే.

అక్షరదోషాల గురించి ఎక్కువ చెప్పను. ప్రథమ, విద్యార్థి, సంప్రదాయం అని ఉండాలి, ఈ మూడూ నువ్వు తప్పు రాశావు, సరిచేసుకో. ఫోన్ కీబోర్డు చూపించిన మాటనల్లా నొక్కెయ్యకు. మనుషుల పేర్లూ ఇంటిపేర్లూ మాత్రం వాళ్లనే అడిగి రాసుకో, పేరు తప్పు పడితే ఆ మనిషి ఇక మిగతాది నమ్మడు.

బుధవారం ఏఈని కలుస్తానన్నావు కదా. చిన్న పుస్తకం తీసుకెళ్లు, ఆయన మాటలు ఆయన అన్నట్టే రాసుకో. "ప్రతిపాదనలు పంపాం" అంటే అక్కడితో లేచి రాకుండా, ఎప్పుడు పంపారు, ఎవరికి పంపారు, ఎంత మొత్తానికి పంపారు, ఇప్పుడు ఆ ఫైలు ఎవరి దగ్గరుంది అని అడుగు. మర్యాదగానే అడుగు, కానీ నాలుగూ అడుగు. వచ్చాక మొత్తం రాయొద్దు, మొదటి పేరా ఒక్కటే రాసి నాకు వాట్సాప్ చెయ్యి. అది కుదిరాక మిగతాది చూద్దాం. మీ నాన్నను బీపీ మాత్ర మానొద్దని చెప్పు.

మీ పెదనాన్న