ఏ కాల్ ఒప్పందంలోకి వస్తుంది, ఏది రాదు?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది మాదాపూర్‌లో చిన్న టెలికాం కంపెనీ. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు యాక్సెస్ లైసెన్సు ఉంది. ఆఫీసులకు, కాల్ సెంటర్లకు ఫైబర్ మీద 040 నంబర్లు, సిప్ ట్రంకులు (ఒకేసారి అనేక కాల్స్ మోసే ఇంటర్నెట్ లైన్లు) ఇస్తాం. ఒక పెద్ద ఆపరేటర్‌తో, ఒకరి కాల్స్ మరొకరి నెట్‌వర్కులోకి పంపుకునే ఇంటర్‌కనెక్ట్ ఒప్పందం ఉంది. అందులో ‘ఒప్పంద పరిధిలోని ట్రాఫిక్ అంటే ఇరుపక్షాల చందాదారుల మధ్య జరిగే సాధారణ వాయిస్ కాల్స్’ అని ఒకే ఒక్క వాక్యం రాసుకున్నాం. పరిధిలోకి రాని ట్రాఫిక్‌కు అత్యధిక రేటు వేయవచ్చని అనుబంధంలో ఇంకో వాక్యం ఉంది. గత నెల వాళ్లు 2,140 కాల్స్ జాబితా పంపారు. అవి విదేశాల నుంచి వచ్చినవని, మేం నంబరు మార్చి లోకల్ కాల్స్‌గా పంపామని వాళ్ల ఆరోపణ. బిల్లు మాత్రం ఆ కాల్స్ వెళ్లిన ట్రంకు (రెండు నెట్‌వర్కులను కలిపే లైను) మీద రెండు నెలల్లో వెళ్లిన మొత్తం 60 లక్షల నిమిషాలకూ వేశారు. నిమిషానికి 65 పైసల చొప్పున 39 లక్షలు. 15 రోజుల్లో కట్టకపోతే లింకు తీసేస్తామంటున్నారు. దేశంలోని కాల్స్‌కు టర్మినేషన్ చార్జీయే (కాల్ అందుకున్న నెట్‌వర్కుకు పంపిన నెట్‌వర్కు ఇచ్చేది) లేదు కదా, ఇదేం బిల్లు? మేం హైదరాబాద్ కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: మీ ఒప్పందంలో ఉన్న మాటలు ఇవే అయితే 39 లక్షలు కట్టాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. కానీ ఆ 2,140 కాల్స్ సంగతి మీకు మీరుగా తేల్చుకునేదాకా గట్టిగా జవాబు రాయకండి. ఎందుకో కింద చెబుతాను.

టర్మినేషన్ చార్జీ లేదన్నది సగమే నిజం. మొబైల్ కాల్స్‌కు 2015లో నిమిషానికి 14 పైసలు ఉండేది. 2017 అక్టోబరు 1 నుంచి 6 పైసలైంది, 2021 జనవరి 1 నుంచి సున్నా అయింది. ల్యాండ్‌లైన్‌కు 2015లోనే తీసేశారు. విదేశాల నుంచి వచ్చే కాల్స్‌కు మాత్రం చార్జీ పోలేదు. 2020 మే 1 నుంచి నిమిషానికి 35 నుంచి 65 పైసల మధ్య ఎంతైనా పెట్టుకోవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అనుమతించింది. అన్నీ సున్నా అయిపోయాయి కదా, ఇక నిర్వచనాలతో పనేముందని అనుకునేవాళ్లు నా క్లయింట్లలోనూ ఉన్నారు. నిజానికి పని పెరిగింది. గతంలో కాల్‌ను తప్పు గడిలో వేస్తే కొన్ని పైసల తేడా వచ్చేది. ఇప్పుడు ఒక గడిలో ఏమీ లేదు, పక్క గడిలో 65 పైసలు. ఆ రెంటి మధ్య గీత గీసేది మీ ఒప్పందంలోని ఆ ఒక్క వాక్యమే.

ఆ వాక్యం చాలా బలహీనంగా ఉంది. ‘చందాదారుల మధ్య’ అని రాశారు. మీ చందాదారు గచ్చిబౌలిలోని కాల్ సెంటర్ కంపెనీ. ఫోన్‌లో మాట్లాడే ఏజెంటు కరీంనగర్‌లో ఇంటి నుంచి పనిచేస్తూ ఉండవచ్చు. మీ నంబరుకు వచ్చిన కాల్‌ను కస్టమరు తన మొబైల్‌కు ఫార్వర్డ్ చేసుకుంటే, ఆ రెండో కాల్ ఎవరి చందాదారుది? 1800 నంబర్లు, ప్రచారానికి వాడే 140 సిరీస్, బ్యాంకులకిచ్చిన 160 సిరీస్ ‘సాధారణ’ కాల్సేనా? వీటిలో దేనికీ మీ ఒప్పందంలో జవాబు లేదు. గొడవ వచ్చినప్పుడు ఎవరి చేతిలో స్విచ్ ఉంటే వాళ్ల అర్థమే చెల్లుతుంది, కనీసం కేసు తేలేదాకా.

ఇంతకంటే పెద్ద చిక్కు, కాల్ ఎక్కడ పుట్టిందో దేన్నిబట్టి చెప్పాలన్నది. చాలా ఒప్పందాల్లో అవతల కనిపించే నంబరు, అంటే సీఎల్ఐ మీదే వదిలేస్తారు. 2015 జులై నుంచి దేశమంతటా నంబర్ పోర్టబిలిటీ ఉంది కాబట్టి నంబరు సిరీస్ చూసి నెట్‌వర్కునీ చెప్పలేం, సర్కిల్‌నీ చెప్పలేం. రోమింగ్ వేరే. మన సిమ్ పట్టుకుని దుబాయ్ వెళ్లినాయన ఇంటికి ఫోన్ చేస్తే ఇక్కడ ప్లస్ 91 నంబరే కనిపిస్తుంది. కాల్ వచ్చింది మాత్రం విదేశీ కాల్స్ దేశంలోకి వచ్చే అంతర్జాతీయ గేట్‌వే మీదుగా. మోసగాళ్లు ప్లస్ 91 పెట్టుకుని విదేశాల నుంచి చేసే కాల్స్‌ను ఆపడానికి టెలికాం శాఖ 2024 అక్టోబరులో ప్రత్యేక వ్యవస్థే పెట్టింది. అసలు ‘అంతర్జాతీయ ట్రాఫిక్’ అంటే ఏమిటన్న ప్రశ్న మీదే ట్రాయ్ 2023 మేలో సంప్రదింపుల పత్రం తెచ్చింది. నియంత్రణ సంస్థకే తేలిక కాని విషయాన్ని మీరు ‘సాధారణ’ అన్న ఒక్క మాటకు అప్పగించారు.

ఇక్కడే మనవాళ్లు తరచూ చేసే ఒక పొరపాటూ చెప్పాలి. లోకల్ అంటే ‘తెలంగాణ రాష్ట్రంలో’ అని రాస్తుంటారు. రాష్ట్రం 2014లో విడిపోయింది గానీ టెలికాం లైసెన్సు లెక్కలో ఆంధ్రప్రదేశ్ ఒకే సర్వీస్ ఏరియా, తెలంగాణ కూడా అందులోదే. హైదరాబాద్ నుంచి విజయవాడకు చేసే కాల్ సర్కిల్ లోపలిదే. ఒప్పందంలో రాష్ట్రం పేరు రాస్తే లేని దూరాన్ని మీరే పుట్టించుకున్నట్టు. సర్కిల్ దాటిన కాల్‌కు, దాన్ని మోసినందుకు క్యారేజ్ చార్జీ ఉంటుంది కాబట్టి ఇది ఉత్త మాటల పట్టింపు కాదు.

నిర్వచనం ఎంత ఖరీదో చెప్పడానికి పాత కేసు ఒకటి. చూడ్డానికి ల్యాండ్‌లైన్‌లా ఉండే వైర్‌లెస్ సెట్లను టాటా టెలీసర్వీసెస్ ‘వాకీ’ పేరుతో అమ్మేది. ఫిక్స్‌డ్ ఫోన్ అయితే యాక్సెస్ డెఫిసిట్ చార్జీ (ల్యాండ్‌లైన్ల నష్టం పూడ్చడానికి బీఎస్‌ఎన్‌ఎల్‌కు కట్టేది) ఉండదు, పరిమిత మొబిలిటీ, అంటే కొంత పరిధిలో తిరుగుతూ వాడే ఫోన్ అయితే ఉంటుంది. అవి రెండో రకమేనని, చార్జీ కట్టాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలింది. సర్వీసుకు కంపెనీ ఏ పేరు పెట్టిందన్నది లెక్కలోకి రాలేదు, అది ఎలా పనిచేస్తుందన్నదే చూశారు.

ఇక మీ బిల్లు. అవతలివాళ్లు తప్పకుండా ఎత్తి చూపే తీర్పు, 2010 నవంబరులో సుప్రీంకోర్టు బీఎస్‌ఎన్‌ఎల్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కేసులో ఇచ్చింది. ఆ ఒప్పందంలోని 6.4.6 క్లాజు ప్రకారం, ఒక ట్రంక్ గ్రూపులో (కలిపి వాడే లైన్ల గుంపులో) రాకూడని కాల్స్ కనిపిస్తే, ఆ గ్రూపులో నమోదైన మొత్తం కాల్స్‌కు గత రెండు నెలల దాకా వెనక్కి వెళ్లి అత్యధిక స్లాబు వేయవచ్చు. అది జరిమానా కాదని, రాబోయే నష్టాన్ని ముందే అంచనా వేసి రాసుకున్న సహేతుకమైన పరిహారమని కోర్టు సమర్థించింది. మీ కేసుకు తేడా ఎక్కడంటే, అక్కడ ‘ట్రంక్ గ్రూపులోని అన్ని కాల్స్’, ‘రెండు నెలలు’ అన్న మాటలు ఒప్పందంలోనే ఉన్నాయి. మీ దాంట్లో ‘పరిధిలోకి రాని ట్రాఫిక్’కు మాత్రమే అత్యధిక రేటు అని ఉంది. అవతలివాళ్లు వేరేవాళ్ల ఒప్పందంలోని క్లాజును తెచ్చి మీ ఒప్పందంలో చదువుతున్నారు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కూడా రాసుకున్న మొత్తానికి మించకుండా సహేతుకమైన పరిహారమే వస్తుంది. లెక్క చూడండి. ఆ 2,140 కాల్స్ ఒక్కోటి సగటున ఐదు నిమిషాలు నడిచాయనుకున్నా 10,700 నిమిషాలు. 65 పైసల చొప్పున 6,955 రూపాయలు. ఏడు వేలు ఎక్కడ, 39 లక్షలు ఎక్కడ!

అయితే ఆ ఏడు వేల వెనక ఉన్నది చిన్న విషయం కాదు. మీ కస్టమర్లలో ఎవరైనా విదేశీ ఆఫీసులో మొదలైన కాల్‌ను ఇంటర్నెట్ మీద తెచ్చి మీ 040 నంబరుతో ఇక్కడి ఫోన్లకు దించుతుంటే అది టోల్ బైపాస్. కాల్ సెంటర్లకు 2020 నవంబరులో, 2021లో నిబంధనలు బాగా సడలించారు, ఇది మాత్రం ఇప్పటికీ నిషేధమే. అప్పుడు సమస్య బిల్లు దగ్గర ఆగదు, మీ లైసెన్సు దాకా వస్తుంది. 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉన్న టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఫోన్ నంబరు లాంటి టెలికాం గుర్తింపులను తారుమారు చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే ముందు ఆ జాబితాను మీ సీడీఆర్‌లతో, అంటే ప్రతి కాల్ వివరాల రికార్డులతో, ఒక్కొక్కటిగా సరిచూసి, అన్నీ ఒకే కస్టమరు ట్రంకు నుంచి వచ్చాయా చూడండి. వచ్చి ఉంటే ఆ ట్రంకు ఆపి, అతని దగ్గర రాతపూర్వకంగా వివరణ తీసుకోండి. నిజం మీకు ముందు తెలిస్తేనే నోటీసుకు జవాబు ఎలా రాయాలో తెలుస్తుంది.

ఒప్పందం మార్చుకునేటప్పుడు నిర్వచనం ఇంచుమించు ఇలా ఉండాలి: ‘భారత భూభాగంలో మొదలై, ఒక పక్షానికి కేటాయించిన లేదా దానికి పోర్టయిన నంబరు నుంచి, మార్పు చేయని సీఎల్ఐతో, ఆ రకం ట్రాఫిక్‌కు కేటాయించిన ట్రంక్ గ్రూపులో ఇచ్చిపుచ్చుకునే వాయిస్ కాల్. దారిలో ఎక్కడైనా అంతర్జాతీయ గేట్‌వే ద్వారా దేశంలోకి వచ్చిన కాల్, ఏ నంబరు కనిపించినా, అంతర్జాతీయ కాల్.’ ఫార్వర్డ్ అయిన కాల్‌కు ఫార్వర్డ్ చేసిన పక్షమే బాధ్యత వహించాలని, 1800, 140, 160 సిరీస్‌లు పరిధిలో ఉన్నాయో లేవో పేరుపెట్టి రాయించండి. ఎస్సెమ్మెస్ వేరే అనుబంధంలో పెట్టుకోండి. నేనైతే అన్నిటికంటే ఎక్కువ బేరం చేసేది, సీఎల్ఐ లేని కాల్స్‌ను ఏం చేయాలన్న దాని మీద. సిగ్నలింగ్ లోపంతో కొన్ని అలా రావడం మామూలే. నెల ట్రాఫిక్‌లో ఫలానా శాతం దాకా దేశీయ కాల్స్ నిష్పత్తిలోనే పంచాలని, అది దాటితే ఆ దాటిన కాల్స్‌కే ఎక్కువ రేటని అంకె వేసి రాసుకోవాలి. సంతకాలయ్యాక ఆ సవరణను ట్రాయ్ దగ్గర నమోదు చేయించడం మరచిపోకండి.

కోర్టు విషయం. ఒప్పందంలో హైదరాబాద్ కోర్టులని రాసి ఉన్నా ఇద్దరు సర్వీస్ ప్రొవైడర్ల తగాదా ట్రాయ్ చట్టం 14వ సెక్షన్ కింద ఢిల్లీలోని టెలికాం తగాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కే వెళ్తుంది. 15వ సెక్షన్ సివిల్ కోర్టుల తలుపు మూసేసింది. ఇక్కడ సిటీ సివిల్ కోర్టులో వేస్తే నెలలు వృథా. లింకు తీసేముందు నోటీసిచ్చి వివరణ అడగాలని 2018 ఇంటర్‌కనెక్షన్ నియమావళి చెబుతోంది కాబట్టి గడువులోగా జవాబు ఇవ్వండి. ఆ 2,140 కాల్స్‌కు లెక్కతేలే మొత్తాన్ని ‘అభ్యంతరంతో’ అని రాసి కట్టి, మిగిలినదాన్ని కాదనండి. వెంటనే టీడీశాట్‌లో పిటిషన్ వేసి లింకు తీయకుండా మధ్యంతర ఉత్తర్వు కోరండి. సీడీఆర్‌లు సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. దాని ఫారంలో రెండో భాగం మీద నిపుణుడి సంతకం ఉండాలి. లైసెన్సు షరతు ప్రకారం రికార్డులు రెండేళ్లు దాచాల్సిందే గానీ, వివాదంలో ఉన్న ఆ రెండు నెలలవి ఈరోజే వేరే సర్వర్‌లోకి కాపీ చేయించండి.