ఊపిరితిత్తుల్లో అంటే ఎక్కడ?

తమ్ముడికి,

నైట్రిక్ ఆక్సైడ్ వాయువు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. శైలికి ఢోకా లేదు. కానీ "ఊపిరితిత్తుల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది" అని ఒక్క ముక్కలో దాటేశావు. ఎక్కడ, ఏ కణంలో? అసలు సరుకంతా అక్కడే ఉంది కదా!

ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఈ వాయువును తయారుచేసే ఎంజైములు మూడు రకాలు. న్యూరోనల్ నాడుల్లో, ఎండోథీలియల్ రక్తనాళాల లోపొరలో, ఇండ్యూసిబుల్ జబ్బు చేసినప్పుడు అని మూడు గళ్లలో సర్దేశావు. పరీక్ష రాయడానికి అది చాలు. ఊపిరితిత్తి అంత బుద్ధిగా ఉండదు. ఎండోథీలియల్ రకం శ్వాసనాళాల ఎపిథీలియంలోనూ, అంటే వాటి లోపలి కణాల పొరలోనూ కనిపిస్తుంది. ఇండ్యూసిబుల్ రకం ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఎపిథీలియంలో కూడా ఉంటుందని 1995లోనే తేలింది. ఆస్తమాలో అది ఇంకా పెరుగుతుంది, స్టెరాయిడ్ పీలిస్తే తగ్గుతుంది. గాలి ఊదించి అందులోని నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలిచే పరీక్షలో పెద్దవాళ్లకు 50 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 50) దాటితే ఎక్కువ అనడం వెనక ఉన్న కథ ఇదే.

నువ్వు పెట్టిన స్లైడు ఫొటోను ఇంకోసారి చూడు. సిలియాలు (సన్నని వెంట్రుకల్లాంటివి) ఉన్న కణాల వరుస గోధుమరంగులో ఉంది, కేంద్రకాలు నీలంగా ఉన్నాయి. ఎంజైమ్‌ను వెతికి పట్టుకునే యాంటీబాడీ అంటుకున్న చోటే ఆ గోధుమరంగు. అంటే ఎంజైమ్ అక్కడ ఉందని మాత్రమే. వాయువు తయారవుతోందని కాదు. న్యూరోనల్, ఎండోథీలియల్ రకాలు కణంలో కాల్షియం పెరిగితేగానీ చురుగ్గా పనిచేయవు. ఇండ్యూసిబుల్ రకం కాల్‌మోడ్యులిన్‌ను (కాల్షియంతో కలిసి ఈ ఎంజైములను నడిపించే ప్రోటీన్) గట్టిగా పట్టుకునే ఉంటుంది కాబట్టి ఆ పెరుగుదల కోసం ఆగదు. అందుకే "కనిపించింది" అని రాయి, "పనిచేస్తోంది" అనకు.

ఇంకో సంగతి. "మామూలు కణజాలం" అన్న చోటల్లా అది ఎవరిదో కనుక్కో. చాలాసార్లు అది క్యాన్సర్ ఆపరేషన్‌లో తీసిన ఊపిరితిత్తిలో గడ్డకు దూరంగా ఉన్న ముక్క. ఆ మనిషికి పొగతాగే అలవాటు ఉండొచ్చు. పొగ తాగేవాళ్లు వదిలే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎలాగూ తక్కువే. ఇది చెప్పకుండా పోలిక పెడితే చదివేవాళ్లను పక్కదారి పట్టించినట్టే.

నైట్రిక్ ఆక్సైడ్ పరిశోధనకు వచ్చిన 1998 వైద్య నోబెల్ మీద రాసిన రెండు పేరాలు తీసెయ్. అది ప్రధానంగా రక్తనాళాల కథ, ఇక్కడ ఇమడదు. మిగిలిన చోటు ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులైన సైనస్‌లకు ఇవ్వు. ముక్కులోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్‌లో ఎక్కువ భాగం వాటిదే. అది కలిసిపోకూడదనే పరీక్షలో గాలిని కాస్త అడ్డు మీద ఊదిస్తారు, దాంతో అంగుడు వెనక భాగం మూసుకుంటుంది.

శ్వాసనాళపు కండరాన్ని సడలించే నాడుల పేరా మాత్రం కదపకు, బాగా కుదిరింది. సవరించాక ఫొటో కింద వివరణ కూడా రాసి పంపు.

మీ అన్నయ్య