బండి బొమ్మల ఎరేజర్ రబ్బర్లు డబ్బాకు అతుక్కున్నయంటే

దాచుకున్న పాత లారీ, బస్సు బొమ్మల రబ్బర్లు (పెన్సిల్ రాత చెరిపేవి) జిగటగా అయి ప్లాస్టిక్ డబ్బాకు అతుక్కున్నయంటే, అది ఎండకే కాదు, అసలు కారణం డబ్బా. ఇట్లాంటి రబ్బర్లు ఎక్కువగా పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవే. మెత్తదనం కోసం అందులో కలిపిన నూనెలాంటి ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికొచ్చి, తగిలిన గట్టి ప్లాస్టిక్‌ను కరిగిస్తది. మన నల్లగొండ ఎండలకు ఆ పని ఇంకా తొందరగా అయితది.

1. గుంజకండి, చక్రాలు ఊడొస్తయి. కుట్టుదారం మధ్యలో పెట్టి రంపం లెక్క మెల్లగ ఆడించండి.

2. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ. నీడలో ఆరబెట్టండి. స్పిరిట్, థిన్నర్ ముట్టించొద్దు, రంగు పోతది.

3. అందరూ మరిచేది ఇదే: కడిగి మళ్ల అదే డబ్బాలో పెడతరు. నెలల్లో మళ్ల అదే కథ. డబ్బా తిప్పి అడుగున త్రికోణంలో అంకె చూడండి. 6 ఉంటే పాలిస్టైరిన్, వద్దే వద్దు. 5 ఉంటే పాలీప్రొపిలీన్, మంచిది. ఒక్కో రబ్బరును విడిగా తెల్ల కాగితంలో చుట్టండి. ఒకదానికొకటి తగిలినా ముప్పే. నా ఎర్ర లారీ పక్కన పెట్టిన తెల్ల అంబులెన్స్‌కు తలుపు మీద గులాబీ మరక పడ్డది, ఎంత కడిగినా పోలే. న్యూస్ పేపర్ వాడొద్దు, అక్షరాలు అచ్చయితయి.

4. పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువాలో పెట్టకండి. లోపలి గదిలో, కింది అరలో పెట్టండి.

ఇప్పటికే కరిగిన గుంతలు మాత్రం పూడవు.