మాంచెస్టర్–షెఫీల్డ్ రైలు అంత నిదానం ఎందుకు?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని ఈ రెండు ఊళ్ల మధ్య దూరం 70 కిలోమీటర్ల లోపే. వేగం బండికి కూడా 50 నిమిషాలు పైగా ఎందుకు పడుతుంది?

అడ్డుగా పెనైన్ కొండలున్నాయి. ఈ రెండు ఊళ్లను కలిపే హోప్ వ్యాలీ లైను 1894లో పూర్తయింది, నేటికీ విద్యుదీకరణ లేదు. కౌబర్న్, టోట్లీ సొరంగాల గుండా వెళుతుంది. టోట్లీ ఒక్కటే 5.7 కిలోమీటర్లు. వంపులు, ఎత్తుపల్లాలు సరేసరి.

అసలు చిక్కు ట్రాఫిక్. ఉన్నవి రెండే పట్టాలు. వాటి మీదే లివర్‌పూల్ వైపు వెళ్లే వేగం బండ్లు, ప్రతి పల్లెలో ఆగే నార్తర్న్ కంపెనీ బండ్లు, పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లోని క్వారీల రాళ్లు, హోప్ ఫ్యాక్టరీ సిమెంటు మోసే గూడ్సులు నడవాలి. గూడ్సు ముందుంటే వెనకబండి చచ్చినట్టు దాని వేగానికే నడవాలి. షెఫీల్డ్ దగ్గర డోర్ స్టేషన్ వద్ద కొంత దూరం ఒంటి పట్టా ఉండేది. అక్కడ ఒక బండి ఆలస్యమైతే ఎదురుబండీ ఆగేది. 2024లో పూర్తయిన పనుల్లో అక్కడ రెండో పట్టా, రెండో ప్లాట్‌ఫామ్ వచ్చాయి. బామ్‌ఫర్డ్, హాథర్‌సేజ్ మధ్య సుమారు కిలోమీటరు లూప్ కూడా వేశారు. గూడ్సు అందులోకి తప్పుకుంటే వేగం బండి దాటిపోతుంది. దీంతో ఆలస్యాలు తగ్గుతాయేగానీ వంపులు పోవు.

విడ్డూరమేమిటంటే, 1954లోనే కరెంటు పెట్టిన వుడ్‌హెడ్ లైను ఈ రెండు ఊళ్ల మధ్యే ఉండేది. దాన్ని 1970లో ప్రయాణికులకు, 1981లో గూడ్సులకూ మూసేశారు.

ఈ లైను మీదున్న ఈడేల్ అనే పల్లెలో దిగి కొండలెక్కాలంటే నార్తర్న్ బండే ఎక్కండి, వేగం బండ్లు సాధారణంగా అక్కడ ఆగవు. అడ్వాన్స్ టికెట్ అయితే అందులో రాసిన బండికే చెల్లుతుంది.